రూతమ్మ జిల్లాలో పాపల లెక్క

మా మనవరాలు హాసినికి బడిలో ఒక పని ఇచ్చారు. ఏదైనా ఒక దేశంలోని పల్లె జిల్లాను తీసుకుని, దాని నేల ఎట్లాంటిది, నీళ్ళు ఎక్కడివి, జనం ఎంతమంది, ఏం చేసి బతుకుతారు అన్నది పెద్ద అట్టమీద బొమ్మలు వేసి రాసుకురావాలట. అట్ట కోసం ఇక్కడ రియాద్‌లో, మలాజ్ పేటలో మూడు అంగళ్ళు తిరిగి వచ్చారు తల్లీకూతుళ్ళు. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె మంచం కింద చెక్కుచెదరకుండా ఉంది, దాన్ని కోసుకోమని చెప్పాను. గోడకు చెప్పినట్టే అయింది. తెల్లటిదే కావాలట. కొన్న అట్ట ముందు పరుచుకుని, ఏ జిల్లా రాయాలో తోచక, పెన్సిల్ కొరుకుతూ కూర్చుంది పిల్ల.

"అమెరికాలో ఒక జిల్లా నాకు తెలుసు. రాసుకుంటావా?" అన్నాను చిక్కుడుకాయలు తుంచుతూ.

"జోక్ చెయ్యొద్దు అవ్వా. నువ్వు అమెరికా ఎప్పుడు పోయినావ్?"

"పోలేదు. తెలుసంటి. పోయినోళ్ళకంతా తెలుస్తాదా ఏంది?"

హాసిని పడిపడి నవ్వింది. వంటింట్లోంచి దాని తల్లి, మా రాణి, ఒకసారి తొంగిచూసి మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది. ఆమె నవ్వలేదు. ఆ జిల్లా సంగతి ఎత్తితే దాని వెనక ఏ సంగతి వస్తుందో ఆమెకు తెలుసు. నేను ఆ జిల్లాను నేర్చుకున్న కాలంలోనే, రాణి నా బిడ్డగా ఉంటుందా, మా అక్క బిడ్డ అవుతుందా అన్నది తేలింది.

సౌదీలో, అల్ ఖర్జ్ అనే ఊళ్ళో దిగేనాటికి నాకు ఇరవై రెండు నిండలేదు. చదువు మూడో తరగతి. పెళ్ళయిన మూడేళ్ళకే మా ఆయన పోయాడు. రాణికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. మా ఆయన అన్న భార్య ఓబులమ్మకు పిల్లలు లేరు. తోడికోడలే అయినా నేను ఆమెను అక్కా అనే పిలిచాను, ఆమె నన్ను చెల్లే అనే పిలిచింది. "నువ్వు పోయిరా చెల్లే, బిడ్డ నా సంకలో ఉంటాది" అని ఆమె చేతులు చాపితే, ఆ చేతుల్లో పిల్లను పెట్టి, వెనక్కి చూడకుండా బస్సెక్కాను. చూసి ఉంటే ఎక్కేదాన్ని కాదు.

నాకు పని దొరికింది ఒక పెద్ద ఆవుల ఫారంలో, ఆవుల బాగోగులు చూసే అమెరికా దొర ఇంట్లో. ఆయన భార్య పేరు రూత్. మా కడప పక్క ఆ పేరు కొత్తదేమీ కాదు, చర్చికి పోయే ఇళ్ళల్లో ఉన్నదే. అందుకని నేను రూతమ్మా అనేదాన్ని. ఆమెకూ అది నచ్చింది. యాభై దాటిన మనిషి, ఎండి గట్టిపడిన చింతబరికె మాదిరి ఉండేది. పొద్దున లేస్తూనే కిటికీ తెరిచి గాలి వాసన చూసేది. ఆ గాలిలో మూడు వాసనలు ఉండేవి. గోతుల్లో మాగబెట్టిన మేత పులుపు వాసన, రేకుల షెడ్లలో ఆవులమీద నీళ్ళు చిమ్మితే లేచే తడి వెంట్రుకల వాసన, వాటి వెనక దుమ్ము వాసన. దుమ్ము వాసన ముందుకొచ్చిన రోజు ఆమె గబగబా తీగమీది బట్టలన్నీ తీయించేది. మధ్యాహ్నానికి ఇసుక గాలి వచ్చేది. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నవి ఇప్పటికీ నా చేతిలో ఉన్నాయి. ప్లాస్టిక్ సంచులు కడిగి, తిరగేసి, తీగకు పిన్నులు పెట్టి ఆరేసేది. పొట్లాలకు వచ్చిన దారాన్ని ఉండ చుట్టి సొరుగులో దాచేది. ఒక టీ సంచిని రెండుసార్లు ముంచేది, రెండోది మొగుడికి. అమెరికా అంటే పారబోసే దేశం అనుకుని వచ్చిన నేను, మా అమ్మను మించిన పొదుపరిని అక్కడ చూశాను. ఇప్పుడు నేను సంచులు ఆరేస్తే హాసిని ఫోటోలు తీసి స్నేహితురాళ్ళకు చూపిస్తుంది. చూపించుకోనీ.

వంటింటి తలుపు వెనక ఆమె ఒక పటం అంటించి ఉండేది. అదే ఆమె జిల్లా. మొదట చూసినప్పుడు గళ్ళ లుంగీ ఆరేశారేమో అనిపించింది. అడ్డం నిలువు గీతలు, అన్నీ ఒకే కొలత గళ్ళు. ఒక్కో గడికి నాలుగు వైపులా మైలు పొడుగు మట్టిదారి ఉంటుందట. ఆ దారులు వంకర తిరగవు. ఎదురుగా బండి వస్తే దుమ్ము లేచి, మనిషి కనిపించేలోపు కాఫీ కాచుకోవచ్చునట. కొండలు లేవు. చెట్లు కూడా గాలికి అడ్డంగా మనుషులు నాటినవే. దక్షిణం పక్క ఒక ఏరు ఉంది, పేరుకు ఏరే, పైన ఇసుక, నీళ్ళు కింద. అది చెప్పినప్పుడు మా చెయ్యేరు గుర్తొచ్చి, "మాదీ అంతే, చెలమ తవ్వితేనే నీళ్ళు" అని చేత్తో తవ్వి చూపించాను. ఆమె నా చేతుల వైపు చాలాసేపు చూసింది. ఆ ఏటి పక్కవాళ్ళందరూ గోధుమలు వేస్తారు, ఆవులు పెంచుతారు. బోర్లు వేసి వేసి నీళ్ళు ఏటేటా కిందికి పోతున్నాయని ఆమె మొగుడు అనేవాడు. ఖర్జ్‌లోనూ అదే కథ. కాకపోతే ఇక్కడి పొలాలు గళ్ళు కావు, గుండ్రాలు. నీళ్ళు చల్లే పొడుగాటి గొట్టం చక్రాలమీద చుట్టూ తిరుగుతుంది, అది తిరిగినంత మేరా పచ్చగా బర్సీం గడ్డి, దాటితే ఇసుక. మా విమానం దిగేటప్పుడు పైనుంచి చూస్తే పెనం మీద పచ్చి దోసెలు పోసినట్టు ఉండింది.

ఇసుక గాలి వచ్చిన మధ్యాహ్నాలు తలుపులన్నీ మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి, మేమిద్దరం ఆ పటం ముందు కూర్చునేవాళ్ళం. మా భాష మాకే తెలియాలి. సగం అరబ్బీ, కొంచెం ఇంగ్లీషు, మిగతాది చేతులు. ఆమె వేలు పెట్టి ఊళ్ళ పేర్లు చెప్పేది, అవి నా నోట తిరిగేవి కావు. నేను నా పేర్లు పెట్టుకున్నాను. ఆమె ఊరిలో రైలు పట్టాల పక్కన ధాన్యం పోసే తెల్లటి గాదెలు ఉన్నాయట, మేడలకంటే ఎత్తు. అందుకని అది గాదెల ఊరు. ఇంకోటి మూతబడిన బడి ఊరు. ఇంకోటి గాలిమరల ఊరు. ప్రతి ఊరి పక్కనా ఆమె పెన్సిల్‌తో రెండు మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఒక అంకె రాసుకుంది. అక్షరాలు ఆమే నేర్పింది కాబట్టి కూడబలుక్కుని చదివాను. పాప్.

ఇక్కడే నేను బోల్తా పడ్డాను. ఫ్రిజ్‌లోని గ్యాసు నీళ్ళ సీసాలను కూడా ఆమె పాప్ అనేది. మొదటి వారం "పాప్ తీసుకురా" అంటే నేను పక్కింటివాళ్ళ చంటిదాన్ని ఎత్తుకొచ్చి నవ్వులపాలయ్యాను. కాబట్టి పాప్ అంటే తాగేది అని నాకు తెలుసు. కానీ ఒక ఊరి పక్కన అరవై ఒక్క సీసాలని ఎవరు రాసుకుంటారు? మరి ఇది రెండోదే అయి ఉండాలి, మన పాపే. ఆ ఊళ్ళో అరవై ఒక్క పాపలు ఉన్నారు. దానికి సాక్ష్యం కూడా చూపించింది ఆమె. పెళ్ళయిన కొత్తలో ఊరి మొదట ఒక రేకు బోర్డు పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో, ఆ బోర్డు మీద ఊరి పేరు, కింద పాప్, ఒక అంకె. నేను పుట్టినప్పుడు మా నాయన మూడు రోజులు ఇంటికే రాలేదని మా అమ్మ చెప్పేది. ఆడపిల్లలను లెక్కపెట్టి ఊరి వాకిట బోర్డు కట్టుకునే దేశం కూడా ఉందా అనుకున్నాను. నెలలపాటు ఆ పటాన్ని తుడిచేటప్పుడు గుడ్డ మెత్తగా ఆనించేదాన్ని.

పదిహేను రోజులకోసారి రియాద్ నుంచి ఉత్తరాల సంచి వచ్చేది. నేను పోయిన మూడో ఏడు, ఒకరోజు అందులో ఆమెకొకటి, నాకొకటి ఉన్నాయి. నాది మా అక్క చెప్పగా బడి అయ్యవారు రాసిన ఉత్తరం. అక్షరం అక్షరం పట్టుకుని చదివాను.

"చెల్లే, జనాభా లెక్కల సారు వచ్చినాడు. ఇంట్లో ఎంతమంది అని అడిగె. ముగ్గురం అంటి. ఈ పాప ఎవరి బిడ్డ అనె. నా బిడ్డే అని నోట్లోంచి జారిపాయ. అది తప్పని నాకు తెలుసు. వచ్చే నెల పాపను బళ్ళో ఎయ్యాల. ఆడ కూడా తల్లి పేరు అడుగుతారంట. ఎవరి పేరు చెప్పేది? నువ్వు ఏం రాస్తే అదే చెప్తా. నీ మింద ఒట్టు."

ఉత్తరం మడిచి నడుములో దోపుకుని చీపురు పట్టుకున్నాను. రూతమ్మ తన ఉత్తరం చదవడం ముగించి, రబ్బరు తీసుకుని, పటం దగ్గరకు పోయి, గాదెల ఊరి పక్కన ఉన్న అరవై ఒకటిని చెరిపి, యాభై ఎనిమిది అని రాసింది. ఊదుతూ రబ్బరు పొట్టు దులిపింది.

నా చేతిలో చీపురు జారిపోయింది. "తలాతా పాప మౌత్?" అని అరిచాను. ముగ్గురు పాపలు చచ్చిపోయారా, నువ్వు ఇంత నింపాదిగా చెరుపుతున్నావా అని.

ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు పట్టలేక నేలమీద కూర్చుండిపోయింది. "లా, లా! పాప్ అంటే కుల్లు నఫర్" అంది. కుల్లు నఫర్ అంటే అందరు మనుషులూ. మగ, ఆడ, ముసలి, పిల్ల, అందరూ కలిపి. ఒక ముసలాయన పోయాడట. ఒక జంట పొలం అమ్ముకుని పట్నంలో కొడుకు దగ్గరకు చేరిందట. పది ఇళ్ళ పని ఒక్క యంత్రం చేస్తుంటే ఊళ్ళో మనుషులకు పనేముంది అంది. వాళ్ళ చెల్లెలు ఉత్తరం రాసినప్పుడల్లా ఆమె ఇట్లా చెరిపి రాసుకుంటుంది. అప్పటికి ఆమె నవ్వు ఆగిపోయింది.

"నువ్వు, సారూ ఇక్కడ ఉండారు కదా. మీ ఇద్దరూ ఈ లెక్కలో ఉండారా, లేరా?" అని అడిగాను.

"సర్కారు లెక్కలో లేం. రాత్రి ఎక్కడ పడుకుంటే అక్కడే లెక్క. పెన్సిల్ లెక్కలో ఉన్నాం. మా ఇల్లు అక్కడుంది. మంచాలు అక్కడున్నాయి" అంది.

అప్పుడు నడుములోంచి ఉత్తరం తీసి, ఆమెకు తెలిసేట్టు చేతులతో, మాటలతో చెప్పాను. ఆమె నా మొహం చూస్తూ విని, ఒకటే అడిగింది. "మీ అక్క ఎంతమంది అని చెప్పింది?"

"ముగ్గురు."

"ఎవరెవరు?"

వేళ్ళు మడిచాను. అక్క, బావ, రాణి. అయిపోయింది. నేను లేను. సౌదీ లెక్కలో నేను ఎట్లాగూ ఇకామా కాగితమే, అంటే ఇక్కడ ఉండనిచ్చే చీటీ. ఇక్కడా లేను, అక్కడా లేను. రూతమ్మ మళ్ళీ రబ్బరు తీసుకుంది. లేచి పోయి, ఇందాక రాసిన యాభై ఎనిమిదిని చెరిపి, యాభై తొమ్మిది అని రాసింది. "నువ్వు నా ఇంట్లో పడుకుంటున్నావు" అంది.

నేను గాదెల ఊరి మనిషిని అయింది అట్లా. కానీ ఆమె నన్ను ముద్దు చేసి వదిలిపెట్టే రకం కాదు. టీ పెట్టి, నాకు మొదటిసారి ముంచినదే ఇచ్చి, "బిడ్డ ఎవరి పక్కన పడుకుంటుంది?" అని అడిగింది. అక్క పక్కన అన్నాను. "అయితే లెక్కల మనిషి రాసింది సరే. బడిలో పేరు సంగతి వేరు. దానికి జవాబు కాగితం మీద రాయొద్దు. పో. బిడ్డను కళ్ళతో చూసి, నోటితో చెప్పు" అంది.

పోవాలంటే మా కఫీల్, అంటే ఆ ఫారం యజమాని, సంతకం పెట్టాలి. ఒప్పందం ఇంకా తీరలేదని ఆయన మొదట కుదరదన్నాడు. రూతమ్మ ఒక రొట్టె కాల్చుకుని, ఆయన ఇంటి ఆడవాళ్ళ గదికి పోయి కూర్చుంది. ఆయన పెద్ద భార్య తొమ్మిదిమందిని కన్న మనిషి. మూడో రోజుకు, నేను ఊరికి పోయి తిరిగి రావడానికి కాగితం వచ్చింది, నలభై ఐదు రోజులకు.

నేను బస్సు దిగేసరికి అక్క నీళ్ళకు పోయింది. రాణి గడపమీద కూర్చుని బొరుగులు తింటోంది. నేను చేతులు చాపితే లేచి లోపలికి పరుగెత్తింది. అక్క వచ్చాక ఆమె కొంగు చాటునుంచి, "మా, ఈ యమ్మ ఎప్పుడు పోతాది?" అని అడిగింది. అక్క దాని నోరు మూయబోయింది. "అడగనీ అక్కా, అదేం తప్పు మాట్లాడింది?" అన్నాను.

నేను గట్టి మనసుతోనే వచ్చాను. బిడ్డను మచ్చిక చేసుకుని, బడిలో నా పేరు రాయించి, మా అమ్మ దగ్గర పెట్టి పోవాలనే. తలకు నూనె పెట్టాను, గౌను తొడిగాను, ఖర్జ్ ఖర్జూరాలు తినిపించాను. పగలంతా నా వెనక తిరిగేది. మధ్యాహ్నం నిద్ర దగ్గరే వచ్చింది చిక్కు. దానికి అక్క చెవి తమ్మె పట్టుకుంటేగానీ నిద్ర పట్టదు. ఒకరోజు అక్కను బయటికి పంపి నా పక్కన పడుకోబెట్టుకున్నాను. నిద్రలో చెయ్యి పైకి పాకింది, నా చెవి దొరికింది. కాసేపు తడిమింది. కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఏడవలేదు. లేచి, చాప దిగి, పోయి గడపమీద కూర్చుంది, అక్క వచ్చేదాకా.

ఆ సాయంత్రం అక్క రాగిసంకటి గెలుకుతూ, నా వైపు చూడకుండా అంది, "తీస్కపో చెల్లే. నీ బిడ్డ. మీయమ్మ దగ్గర పెట్టుకో. నేనేమీ అనుకోను." తెడ్డు సంకటిలో ఇరుక్కుంది. ఆమె దాన్ని లాగలేదు, తిప్పలేదు, అట్లే పట్టుకుని నిలబడింది.

బడికి ముగ్గురమూ పోయాం. పెద్దయ్యవారు పుస్తకం తెరిచి, పిల్ల పేరు అడిగాడు, చెప్పాం. తండ్రి పేరు అడిగాడు, మా ఆయన పేరు చెప్పబోయి ఆగి, బావ పేరు చెప్పాను. "తల్లి పేరు?" అన్నాడు. అక్క నేల చూపులు చూస్తోంది. "ఓబులమ్మ. రాసుకోండి సార్" అన్నాను. అక్క అక్కడే మెట్టుమీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. "ఏందక్కా ఇది, పిల్ల బెదురుకుంటాది, లెయ్యి" అని కసిరాను. ఆ రోజునుంచి రాణికి నేను చిన్నమ్మను.

తిరిగి ఖర్జ్ పోయినప్పుడు రూతమ్మ ఏం చెప్పావని అడిగింది. అక్క పేరు అన్నాను. ఆమె తల ఊపి, రొట్టె అంచు ముక్క కోసి నా చేతిలో పెట్టింది. ఆ ఇంట్లో అంచు ముక్క ఎప్పుడూ ఆమెదే. రెండేళ్ళకు వాళ్ళు వాళ్ళ దేశం పోయారు. నేను ఇంకొన్ని ఇళ్ళల్లో చేశాను, పంపించాల్సింది పంపించాను, రాణి నర్సు చదువు చదివింది. ఏడాదికో రెండేళ్ళకో ఊరికి పోయి వచ్చే చిన్నమ్మగానే ఉన్నాను. నా కడుపున పుట్టిందని దానికి అక్కే చెప్పింది, పన్నెండేళ్ళప్పుడు. చెప్పినా పిలుపు మారలేదు, మార్చమని నేనూ అడగలేదు.

ఆ పటం పైనున్న పేరును నేను అక్షరం అక్షరం చెప్తే, హాసిని ఫోనులో ఆ జిల్లాను వెతికింది. నేను చెప్పిన ఏరు, గళ్ళు, గాదెలు అన్నీ దొరికేసరికి దాని కళ్ళు పెద్దవయ్యాయి. పైనుంచి తీసిన బొమ్మలో గాదెలు ఇంకా తెల్లగా నిలబడే ఉన్నాయి. ఇళ్ళ కప్పులే చాలావరకు లేవు. మా బిల్డింగులో పొద్దున లిఫ్టు దగ్గర నిలబడే జనమే ఆ ఊరి జనంకంటే ఎక్కువ. అక్కడ ఒకరు పోతే సముద్రం ఇవతల రబ్బరు తీసుకుని చెరిపిన మనిషి ఉంది. ఇక్కడ ఎదురింట్లో ఎవరున్నారో, ఎంతమందో, వచ్చినప్పటినుంచీ నాకు తెలియదు. తలుపు తెరుచుకుంటే వచ్చే మసాలా వాసనను బట్టి కేరళవాళ్ళేమో అనుకుంటాను, అంతే.

"అవ్వా, జనాభా నువ్వు చెప్పింది రాయనా, ఫోన్‌లో ఉన్నది రాయనా?" అంది హాసిని.

"ఫోన్‌లోదే రాసుకో. నేను చెప్పినానంటే మీ టీచరు మార్కులిస్తాదా?"

మా అక్క పోయిన ఏడాది పోయింది. కర్మలన్నీ అయ్యాక రాణి నన్ను ఊళ్ళో ఒంటరిగా వదలనంది. కాగితాల మీద దాని తల్లి ఓబులమ్మ కాబట్టి, నన్ను తల్లిగా పిలిపించుకునే వీలు లేదు. చివరికి మా అల్లుడు ఇంటి పనిమనిషి వీసా తీశాడు. కాబట్టి ఇప్పుడు నేను నా కూతురి ఇంట్లో పనిమనిషిని. "అత్తా, నేను నీ కఫీల్‌ని, గుర్తుపెట్టుకో" అని అల్లుడు ఎగతాళి చేస్తాడు. "అయితే శుక్రవారం సెలవియ్యి, వంట నువ్వు చెయ్యి" అంటాను.

మొన్న ఇకామా కోసం రక్త పరీక్షకు పోయాం. బల్ల దగ్గర ఒక సౌదీ పిల్ల, కళ్ళు తప్ప ఏమీ కనిపించవు, నా కాగితం చూసి రాణిని "ఆమిలా?" అని అడిగింది, పనిమనిషా అని. రాణి నా చేతి సంచిలోంచి నీళ్ళ సీసా తీస్తోంది. తల ఎత్తకుండానే "లా. ఉమ్మీ" అంది. కాదు, మా అమ్మ, అని.

ఆ పిల్ల కాగితం చూసింది, మా ఇద్దరి మొహాలు చూసింది. "ఆమిలా, ఆమిలా" అని నా రొమ్ము తట్టుకుని చెప్పాను. ఆమె ముద్ర కొట్టి, లోపలి గది వైపు చెయ్యి చూపింది.

కారు ఎక్కినప్పటినుంచి తిట్టడం మొదలుపెట్టాను. కాగితంలో ఒకటి ఉంటే నోటితో ఇంకోటి చెప్తావా, పట్టుకుంటే నీ మొగుడి ఉద్యోగానికే ముప్పు, ఇన్నేళ్ళు తెలుగులో రాని మాట అరబ్బీలో ఎట్లా వచ్చిందే నీకు, నర్సు చదువు చదివినావు ఎందుకు అని. రాణి బండి నడుపుతూనే ఉంది. సిగ్నళ్ళ దగ్గర ఆగింది, పోనిచ్చింది, ఇంటి ముందు నీడ చూసి బండి నిలబెట్టింది.

"అయిపాయనా చిన్నమ్మా? దిగుదామా?"

"ఇంకా కాలేదు. కూర్చో" అన్నాను.

కూర్చుంది. నాకు ఇంకేమీ తిట్లు మిగల్లేదు. బయట ఎండ మండుతోంది, లోపల చల్లగాలి వస్తూనే ఉంది, ఇంజన్ ఊరికే తిరుగుతోంది. ఆపమని నేను అనలేదు.